ఏ నెలలో చూశారు, ఎంత దూరం చూశారు?

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని వరసగా కొన్ని ప్రశ్నలు అడిగింది. హైదరాబాద్ పడమటి వైపు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు తోలాల్సినంత తొందర ఏమొచ్చింది? ఈ పనికి పర్యావరణ ప్రభావ మదింపు పత్రం తీసుకున్నారా? చెట్లు కొట్టడానికి అటవీ శాఖ అనుమతి ఉందా? కొట్టిన చెట్లను ఏం చేస్తున్నారు? కోర్టు ఆదేశం మీద ఆ రోజే అక్కడికి వెళ్లి చూసిన తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్, దాదాపు వంద ఎకరాలు అప్పటికే చదునైపోయాయని నివేదిక పంపారు. తాము మళ్లీ చెప్పేదాకా అక్కడ ఏ పనీ జరగకూడదని కోర్టు ఆపేసింది.

ఆ వారమంతా ఫోన్లలో, టీవీల్లో నెమళ్ల అరుపులు, జింకల పరుగులు, విశ్వవిద్యాలయం గేటు దగ్గర విద్యార్థుల ఆందోళన మార్మోగాయి. కోర్టు వేసిన రెండో ప్రశ్న మాత్రం ఏదో ఆఫీసు కాగితం గురించిన మాటలా చాలామందికి తోచి దాటిపోయింది. అసలు సంగతంతా ఉన్నది ఆ ప్రశ్నలోనే. ఆ నేల ఏమిటి, దాని మీద పడే వాన ఎటు పోతుంది, అక్కడ ఏవి బతుకుతున్నాయి, దాన్ని కప్పేస్తే నష్టం ఎవరికి, ఎంత: ఇవన్నీ యంత్రం కదలకముందే తేలాల్సిన లెక్కలు. ఆ లెక్క వేసే పద్ధతికే పర్యావరణ ప్రభావ మదింపు అని పేరు. అధికారులూ లాయర్లూ ఈఐఏ అంటారు.

ముందుగా ఆలోచించి తర్వాత పని చేయమని ప్రభుత్వాలను చట్టం ద్వారా కట్టడి చేసిన మొదటి దేశం అమెరికా. 1970 జనవరి 1న అక్కడ ఆ చట్టం మీద సంతకం పడింది. మన దగ్గర భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994లో ఈఐఏ నోటిఫికేషన్, దాని స్థానంలో 2006 సెప్టెంబర్ 14న మరొకటి వచ్చాయి. ఆ తర్వాత ఎన్ని సవరణలు జరిగినా, నేటికీ మూలం ఆ 2006 నోటిఫికేషనే. అందులో నగర నిర్మాణాలకు రెండు మెట్లున్నాయి. కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అది 1,50,000 చదరపు మీటర్లు దాటినా, స్థలమే 50 హెక్టార్లు దాటినా దాన్ని టౌన్‌షిప్ కింద, ప్రాంత అభివృద్ధి ప్రాజెక్టు కింద లెక్కగట్టి పూర్తి స్థాయి ఈఐఏ నివేదిక అడుగుతారు. 400 ఎకరాలంటే సుమారు 162 హెక్టార్లు. పై మెట్టుకు మూడు రెట్లు పైమాటే.

నోటిఫికేషన్‌లో ఇంకో మాట ఉంది. అనుమతి రాకముందు కట్టడం మొదలుపెట్టకూడదు అని మాత్రమే లేదు, నేలను సిద్ధం చేసే పని కూడా చేయకూడదని ఉంది. స్థలానికి రక్షణగా కంచె వేసుకోవడం వరకే మినహాయింపు. చదును చేయడం అనేది కట్టడానికి ముందు జరిగే చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, ప్రకృతి పరంగా చూస్తే జరగాల్సిన నష్టంలో చాలా భాగం అప్పుడే జరిగిపోతుంది. ఆ నియమం రాసినవాళ్లు ఈ సంగతి ఎరిగే రాశారు.

ఆ భూమి ఎవరిదన్న తగవు పాతది. 1970ల మధ్యలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన రెండువేల మూడు వందల ఎకరాల పైచిలుకులో ఈ 400 ఒక ముక్క. 2003 తర్వాత ఒక క్రీడా సంస్థకు కేటాయించి, రద్దు చేసి, ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాక, 2024లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం నెగ్గింది. ఆ చరిత్రను ఇక్కడికి వదిలేస్తాను. పట్టా ఎవరి పేరున ఉన్నా వాన నీరు పల్లానికే పారుతుంది.

నీటి లెక్క

కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. తెలంగాణలో ఈ కంచలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. గుండ్రటి బండలు, వాటి సందుల్లో పలచటి ఎర్రమట్టి, తంగేడు, రేల, మోదుగ, సీతాఫలం, పరికి పొదలు, మధ్యమధ్య గడ్డి. రెవెన్యూ రికార్డు దాన్ని పోరంబోకు అంటుంది, రియల్ ఎస్టేట్ బ్రోషరు ఖాళీ స్థలం అంటుంది. నీటి శాస్త్రం తెలిసినవాళ్లకు అది ఊరికి ఎగువన ఉన్న నీటి కొట్టు.

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గట్టి రాయిలో నీరు నిలవదు. ఎండకూ వానకూ శిథిలమై గుల్లబారిన పై పొర, అంటే మొరం, దాని కింద రాతి పగుళ్లు: మన బోర్లలోకి వచ్చే నీరంతా ఈ రెంటిలోదే. ఏడాదిలో 80 సెంటీమీటర్లు అటూఇటూగా కురిసే వానలో పదో వంతు లోపలికి దిగితే అదే ఎక్కువ. ఆ పదో వంతు దిగేది కూడా నేల తెరిచి ఉన్న చోటే.

నేల ఎంత నీరు తాగుతుందో కొలిచే పరికరం చాలా సాదాగా ఉంటుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు ఇనుప రింగులు. చిన్నదాన్ని పెద్దదాని మధ్యలో పెట్టి రెంటినీ నేలలోకి కొద్ది లోతు దిగగొడతారు. రెంటిలోనూ నీరు పోసి, లోపలి రింగులో స్కేలు నిలబెట్టి, గడియారం చూసుకుంటూ ఎన్ని నిమిషాలకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుంటారు. బయటి రింగులో నీళ్లెందుకంటే, అవి చుట్టూ నేలను తడిపి ఉంచితేనే లోపలి నీరు పక్కలకు పోకుండా నిలువుగా దిగుతుంది. మొదట్లో గబగబా దిగి, క్రమంగా నెమ్మదించి, ఒక వేగం దగ్గర కుదురుకుంటుంది. ఆ కుదురుకున్న వేగమే ఆ నేల శక్తి. ఇసుక పాలు బాగా ఉన్న చెలక నేలలో అది గంటకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అదే నేల మీద భారీ యంత్రాలు నాలుగుసార్లు తిరిగితే మట్టి రేణువుల మధ్య గాలి సందులు నలిగి మూసుకుపోతాయి. అప్పుడు రింగులో పోసిన నీరు కదలకుండా నిలబడి ఉంటుంది. చెట్టు కొట్టిన సంగతి దూరం నుంచి కూడా కనబడుతుంది. నేల మూసుకుపోయిన సంగతి ఇలా కొలిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 400 ఎకరాల మీద ఒకే రోజు 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. హైదరాబాద్‌కు అది అసాధారణం కాదు. మొత్తం 16 కోట్ల లీటర్ల పైన నీరు. పొదలూ గడ్డీ ఉన్న తెరిపి నేల నుంచి అందులో సుమారు పావు వంతు పారిపోతుందని ఇంజనీర్లు లెక్కగడతారు. రోడ్లు, స్లాబులు, పార్కింగ్ వచ్చాక ముప్పావు వంతు పారుతుంది. అంటే మునుపు 4 కోట్ల లీటర్లు దిగువకు వెళ్లిన చోట 12 కోట్ల లీటర్లు వెళతాయి. అదనంగా వచ్చిన 8 కోట్లను నగరంలో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే పదహారు వేల ట్యాంకర్లు కావాలి. ఇది కూడా సగం సంగతే. గడ్డిలో, రాళ్ల మధ్య తడబడుతూ గంటల తరబడి దిగువకు చేరే నీరు, కాంక్రీట్ మీద నిమిషాల్లో చేరుతుంది. కాలనీలను ముంచేది ఎక్కువగా ఈ తొందరే.

వచ్చిన నీటిని ఇంకుడు గుంతల్లోకి పంపుతామని ప్రతి ప్రాజెక్టు నివేదికలోనూ ఒక పేరా ఉంటుంది. గుంత మంచిదే. కానీ దాని అడుగున మొరం ఉందా, ఏకశిలగా బండ ఉందా అన్నది ఎవరైనా తవ్వి చూశారా? బండ మీద తవ్విన గుంత మొదటి వానకే నిండిపోతుంది. నివేదిక చదివేటప్పుడు నేను మొదట వెతికేది, గుంతల సంఖ్య పక్కన ఆ చోట కొలిచిన ఇంకుడు వేగం రాశారా లేదా అన్నదే.

ఎంత దూరం చూడాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. తెలంగాణ చెరువులు విడివిడిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు పట్టుకుని దిగువ చెరువుకు చేరుతుంది. విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పీకాక్ లేక్, బఫెలో లేక్ లాంటి చిన్న కుంటలకు కూడా నీరు చుట్టూ ఉన్న కంచల నుంచే రావాలి. హైదరాబాద్‌లో చెరువుల రక్షణ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన జాగా). 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువు అంచు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు వదిలి కట్టాలి. ఆ గీతల కోసం పోట్లాడటం అవసరమే. కానీ చెరువుకు నీళ్లిచ్చే నేల ఆ గీతకు కిలోమీటర్ల పైన ఉంటుంది. గట్టును కాపాడి, ఎగువనున్న పరీవాహక నేలను కప్పేస్తే, ఎండాకాలం చెరువులో మురుగు తప్ప ఏమీ ఉండదు, వానాకాలం అదే చెరువు కాలనీల మీద పడుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసినప్పుడూ, 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటినప్పుడూ వచ్చిన ముంపుకు పక్కనున్న చెరువు అంచు ఒక్కటే కారణం కాదు.

పద్ధతి ప్రకారం పెద్ద ప్రాజెక్టుల ఈఐఏలో స్థలం చుట్టూ పది కిలోమీటర్లు అధ్యయన ప్రాంతంగా తీసుకుంటారు. వృత్తలేఖినితో గీసిన వృత్తం అది. గాలి కాలుష్యానికి అది సరిపోవచ్చు. నీటికి వృత్తం పనికిరాదు, నీటికి వాలు కావాలి. మంచి మదింపు అయితే ప్రాజెక్టు స్థలం నుంచి వాగు వెంట నడుస్తూ అది కలిసే చెరువులు, అవి నిండితే పారే కాలువలు, చివరికి మూసీ వైపో మంజీర వైపో చేరే దారి మొత్తం చూడాలి.

ఆరుద్ర పురుగు కనిపించని నివేదిక

జీవాల లెక్కకు వద్దాం. ఈఐఏకి మూలాధార సమాచారం అని ఒకటుంటుంది: ప్రాజెక్టు రాకముందు అక్కడ ఉన్నదేమిటి. దీన్ని సాధారణంగా ఒక్క ఋతువులో, మూడు నెలల్లో సేకరిస్తే చాలు. ఆ ఋతువు వానాకాలం కాకూడదు. ఈ నియమం వెనక ఒక న్యాయమైన కారణమే ఉంది. వాన గాలిలోని దుమ్మును కడిగేస్తుంది కాబట్టి, వానాకాలంలో కొలిస్తే ఏ ఊరి గాలైనా శుభ్రంగానే కనిపిస్తుంది. పొడి రోజుల్లో కొలిస్తేనే గాలి అసలు స్థితి బయటపడుతుంది.

గాలి కోసం పెట్టిన ఆ నియమాన్ని జీవజాలానికీ నీటికీ కూడా వర్తింపజేయడంలో చిక్కంతా ఉంది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో కంచలోకి వెళ్లినవాడికి కనిపించేది ఎండిన గడ్డి, మాడిన పొదలు, వేడెక్కిన బండలు. ‘ముళ్ల పొదలతో కూడిన బీడు, చెప్పుకోదగ్గ జీవవైవిధ్యం లేదు’ అని నిజాయితీగా రాసినా తప్పు పట్టలేం. ఆ రోజు అతనికి కనిపించింది అదే.

అదే చోటికి ఆరుద్ర కార్తెలో వెళ్లాలి. మొదటి మంచి వాన పడిన మర్నాటి పొద్దున, ఇసుక నేల మీద ఎర్ర మఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పెరిగిన ఎవరికైనా వాటిని అరచేతిలో పెట్టుకున్న జ్ఞాపకం ఉంటుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని ఉండిపోతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది నేల కిందే ఉంటుంది, పైకి వచ్చేది తొలకరి నాడు కొద్ది రోజులే. అది పురుగు అని మనం అంటాం గానీ నిజానికి సాలీడు బంధువు. పిల్లదశలో మిడతల లాంటి కీటకాల మీద పరాన్నజీవిగా బతికి, పెద్దయ్యాక మట్టిలోని చిన్న జీవుల్ని, వాటి గుడ్లను తింటుంది. అది కనిపించిందంటే ఆ మట్టి కలుపుమందులకూ యంత్రాలకూ నలగకుండా, లోపల ఒక పూర్తి సంసారం నడుస్తోందన్నమాట. ఏప్రిల్ నాటి నివేదికలో దీని పేరు ఉండే వీలే లేదు.

కప్పలూ అంతే. నేలలో పాతుకుని నెలల తరబడి కదలకుండా ఉండే జాతులు వాన చప్పుడుకు పైకి వచ్చి, బండల మీద గుంటల్లో నిలిచిన నీటిలో గుడ్లు పెడతాయి. ఆ గుంట కొన్ని వారాలు నిలిస్తే తోకకప్పలు కప్పలవుతాయి, ముందే ఎండితే ఆ ఏడాది సంతానం లేదు. నక్షత్ర తాబేళ్లు చురుగ్గా తిరిగేదీ వానల్లోనే. వలస పిట్టలు దిగేది చలికాలంలో. ఈ విశ్వవిద్యాలయ ఆవరణలో దొరికిన ఒక సాలీడుకు 2010లో శాస్త్రవేత్తలు మురీషియా హైదరాబాదెన్సిస్ అని మన ఊరి పేరే పెట్టారు. రెండు వందలకు పైగా పక్షి జాతులను అక్కడ పరిశీలకులు నమోదు చేశారు. ఇవి ఏళ్ల తరబడి, అన్ని ఋతువుల్లో, పొద్దున్నే బైనాక్యులర్లు పట్టుకుని తిరిగిన విద్యార్థులూ పక్షి ప్రేమికులూ కూడబెట్టిన సమాచారం. మూడు నెలల కన్సల్టెంటు దీన్ని ఒంటరిగా తయారు చేయలేడు. కానీ దీన్ని అడిగి తీసుకోవచ్చు, అందుకు ఖర్చు కూడా లేదు. అడగకపోవడాన్ని నేను క్షమించలేను.

వేడి గురించి ఒక్క మాట. ఒక లీటరు నీరు ఆకుల నుంచి, నేల నుంచి ఆవిరవ్వాలంటే చుట్టూ ఉన్న గాలి నుంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకోవాలి. కరెంటు లెక్కలో మూడింట రెండు యూనిట్లు. పొదలూ చెట్లూ ఉన్న ఎకరం రోజూ వేల లీటర్లు ఆవిరి చేస్తుంది. కాంక్రీట్ ఆ పని చేయదు, పగలు దాచుకున్న వేడిని రాత్రి వదులుతుంది. ఐటీ భవనాల మధ్య మిగిలిన ఒక పెద్ద పచ్చటి ముక్కను తీసేస్తే పక్క కాలనీల్లో ఏసీలు ఎన్ని గంటలు ఎక్కువ తిరుగుతాయన్నది లెక్కగట్టగల ప్రశ్నే. మన నివేదికల్లో అది అరుదుగా కనిపిస్తుంది.

ఇంత వివరంగా చూశాక, తిరిగి నాటుతాం అన్న మాట ఎంత బలహీనమో తెలుస్తుంది. 2025 ఏప్రిల్ 16న మళ్లీ విచారణకు వచ్చినప్పుడు, పాడైన ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రమ్మని సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని అడిగింది. అడగాల్సిందే. మొక్క నాటొచ్చు, పదేళ్లకు నీడ వస్తుంది. పగలగొట్టిన బండ తిరిగి రాదు. అంగుళం మట్టి తయారవడానికి శతాబ్దాలు పడుతుంది. మదింపు ముందే జరగాలని చట్టం పట్టుబట్టడానికి కారణం ఈ తేడాయే.

లోపం ఎక్కడ

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియదు. బొగ్గు గని, సిమెంటు ఫ్యాక్టరీ, ఆనకట్ట పెట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లలో షామియానా వేసి, కలెక్టరు స్థాయి అధికారి కూర్చుని, జనం మాట వినాలి. ప్రజాభిప్రాయ సేకరణ అంటాం దాన్ని. నగర భవనాలకూ టౌన్‌షిప్పులకూ 2006 నోటిఫికేషన్ ఆ అవసరం లేకుండా చేసింది. అంటే అత్యంత ఎక్కువ మంది నివసించే చోట, అత్యంత ఎక్కువ మందికి నష్టం జరిగే చోట, వాళ్లను పిలిచి అడిగే మెట్టే లేదు. కింది వీధిలో ఏ ఇంట్లోకి ఎంత ఎత్తున నీళ్లొచ్చాయో అక్కడి ఆడవాళ్లను అడిగితే చెబుతారు. ఏ కంప్యూటర్ నమూనాకూ అంత కచ్చితమైన సమాచారం దొరకదు. దాన్ని వినడానికి వేదికే లేకుండా చేశారు.

ఇంకో లోపం డబ్బుది. ఈఐఏ నివేదిక తయారు చేసే కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు కట్టేవాళ్లే. కన్సల్టెంట్లకు గుర్తింపు ఉండాలన్న నిబంధన ఇప్పుడుంది, అది కొంత మేలు చేసింది. అయినా అన్నం పెట్టిన చేతికి ఎదురు రాయడం ఎంతమందికి సాధ్యం? మహారాష్ట్రలోని రత్నగిరి ప్రాంతంలో ఒక బాక్సైట్ గని నివేదికలో, రష్యాలో పెరిగే స్ప్రూస్, బర్చ్ అడవుల వర్ణన దొరికింది. వేరే దేశపు నివేదిక నుంచి ఎత్తి అతికించారు. కొంకణ్ తీరంలో మంచు దేశపు చెట్లు ఎలా వచ్చాయని అనుమతి ఇచ్చేవాళ్లెవరూ అడగలేదు.

ముక్కలు చేయడం మరో దారి. పెద్ద ప్రాజెక్టును 20,000 చదరపు మీటర్ల గీత కిందికి వచ్చేలా విడగొడితే మదింపే అక్కర్లేదు. విడగొట్టకపోయినా, ఒక వాగు ఎగువన పది మంది పది ప్రాజెక్టులు కడితే పది నివేదికలు వస్తాయి. ప్రతిదీ తన వల్ల ప్రభావం స్వల్పమే అంటుంది. పదీ కలిపి ఆ వాగుకు ఏమవుతుందన్న పదకొండో నివేదిక రాయాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

అమరావతిలో జరిగింది వేరే రకం. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరానికి 2015లో పర్యావరణ అనుమతి వచ్చింది. కృష్ణా వరద మైదానం, కొండవీటి వాగు ముంపు మీద కేసులు నడిచి, 2017 నవంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనుమతిని నిలబెట్టింది, కానీ నీటి ప్రవాహాల మీద మరిన్ని అధ్యయనాలు చేయమంటూ షరతులు పెట్టింది. వాగు నీటిని ఎత్తి కృష్ణలో పోయడానికి 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం కట్టారు. రాజధాని ఉండాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. నీరు ఎటు పారుతుందన్న అధ్యయనం స్థలం ఎంచుకోవడానికి ముందు రావాలా, శంకుస్థాపన తర్వాత రావాలా అన్నదే నా ప్రశ్న.

జంట జలాశయాల కేసు

ముందే జాగ్రత్త పడాలన్న విషయంలో దేశానికి దారి చూపిన కేసు హైదరాబాద్‌దే. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో వేల మంది పోయాక, మళ్లీ అలా జరగకుండా ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఒకటి 1927లో పూర్తయ్యాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకూడదని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ పరిధిలోనే, శంషాబాద్ మండలంలో, ఆముదం నూనె ఉత్పత్తులు తయారు చేసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోతే కాలుష్య నియంత్రణ మండలి కాదంది. తగవు సుప్రీంకోర్టుకెక్కింది.

ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు అనే ఆ కేసులో 1999 జనవరిలో వచ్చిన తీర్పును లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. ఫ్యాక్టరీ వ్యర్థం నేలలోంచి జలాశయంలోకి చేరుతుందా లేదా అన్న దాని మీద నిపుణులు తలో మాట చెప్పారు. విజ్ఞానశాస్త్రం కచ్చితంగా చెప్పలేని చోట ఏం చేయాలి? జాగ్రత్త వైపే మొగ్గాలని కోర్టు చెప్పింది. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర్లేదు, హాని జరగదని నిరూపించే భారం కట్టేవాళ్లదే అని తేల్చింది. ఇలాంటి విషయాలు తేల్చడానికి న్యాయమూర్తుల పక్కన శాస్త్రవేత్తలు కూడా కూర్చోవాలని గట్టిగా చెప్పింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చినప్పుడు నిపుణ సభ్యులకు అందులో చోటు దొరకడం వెనక ఆ మాట ఉంది. 2000 డిసెంబర్‌లో వచ్చిన తుది తీర్పులో ఫ్యాక్టరీకి అనుమతి దక్కలేదు.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ 84 గ్రామాల మీద ఆంక్షలు ఎత్తేశారు. నగరానికి ఇప్పుడు తాగునీరు కృష్ణా, గోదావరి నుంచి వస్తోంది, ఈ జలాశయాల వాటా చాలా తక్కువ అన్నది ప్రభుత్వ వాదన. తాగునీటి వరకే చూస్తే ఆ మాట నిజమే. కానీ వాటిని కట్టింది వరద ఆపడానికి. జలాశయం ఎగువన నేల కప్పబడితే, పై లెక్కలో చెప్పినట్టు మూడు రెట్ల నీరు చాలా తక్కువ సమయంలో గేట్ల ముందుకు వస్తుంది, మర్నాడు మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు ఇళ్లు ఖాళీ చేయించాల్సి వస్తుంది. వాడుకలో లేని తాగునీటి పైపు గురించి రాసి, 1908ని వదిలేసిన మదింపు మదింపు కాదు. దూరం అన్నప్పుడు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కలోకి రావాలి.

మీ వాడలో పెద్ద నిర్మాణం ఏదైనా రాబోతుంటే దాని నివేదికను కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వెతకండి. వందల పేజీలుంటాయి, అన్నీ చదవనక్కర్లేదు. నమూనాలు ఏ నెలల్లో తీశారో చూడండి. నీటి పటంలో వాగు ప్రాజెక్టు సరిహద్దు దగ్గరే ఆగిపోయిందా, అది కలిసే చెరువు దాకా గీశారా చూడండి. ప్రత్యామ్నాయాలు అన్న అధ్యాయంలో, అసలు ఇక్కడ కట్టకపోతే ఏమవుతుందన్న మాట ఉందా, లేక ఎంచుకున్న స్థలమే మంచిదని రెండు పేరాలు రాసి వదిలేశారా చూడండి. అనుమతి వచ్చాక ప్రాజెక్టువాళ్లు షరతులు ఎలా పాటిస్తున్నారో ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కీ డిసెంబర్ 1కీ, నివేదిక ఇవ్వాలి. అది కూడా అడిగి తీసుకోవచ్చు.

అనుమతి మీద అభ్యంతరం ఉంటే హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు ముప్పై రోజులు. సరైన కారణం చూపిస్తే మరో అరవై రోజులు ఇవ్వొచ్చు, ఆపైన తలుపు మూసేస్తారు. అనుమతి వచ్చిన సంగతిని రెండు స్థానిక దినపత్రికల్లో, అందులో ఒకటి తెలుగులో, ప్రకటనగా వేయించాలన్న షరతు ఉంటుంది. టెండరు నోటీసుల పక్కన చిన్న అక్షరాల్లో పడే ఆ ప్రకటనను కాలనీ సంఘం తరఫున ఎవరో ఒకరు రోజూ వెతికి చదవాలి.